‘ఫిల్త్’ చూసి ఇద్దరు నవ్వారు, ఒకరు లేచి వెళ్లిపోయారు. మరి సినిమా ఎవరికి అర్థమైనట్టు?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నలుగురు రూమ్మేట్లు కలిసి ‘ఫిల్త్’ చూశారు, ఇద్దరు పగలబడి నవ్వారు, ఒకరు సగంలో లేచి వెళ్లి మళ్లీ రాలేదు, మీరేమో మొదట్లో నవ్వి చివరికొచ్చేసరికి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయి ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. "దీన్ని డార్క్ కామెడీ అంటారు కదా, మరి నాకెందుకిలా అయింది, మాలో ఎవరికి అర్థమైనట్టు" అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా ఒక చిన్న ఫిల్మ్ క్లబ్ నడుపుతున్నాను. నెలకో సినిమా, పాతిక ముప్పై మంది, ఆ తర్వాత గంటసేపు మాటలు. సినిమా నడుస్తున్నప్పుడు నేను పక్క గోడ దగ్గర కుర్చీ వేసుకుని తెర కంటే ఎక్కువగా చూసేవాళ్ల మొహాలు చూస్తుంటాను. ఈ సినిమాని మూడుసార్లు మూడు రకాల మనుషులకి వేశాను. మీ రూమ్‌లో జరిగిందే మూడుసార్లూ జరిగింది, కాకపోతే ఇంకా పెద్ద ఎత్తున. అందుకే కాస్త వివరంగా చెప్తాను. ముగింపుతో సహా కథంతా బయటపెట్టక తప్పదు, కాబట్టి ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2013లో వచ్చిన స్కాట్లాండ్ సినిమా ఇది. ఇర్విన్ వెల్ష్ 1998లో రాసిన నవల ఆధారంగా జాన్ ఎస్. బెయిర్డ్ తీశాడు. ఎడిన్‌బరోలో క్రిస్మస్ ముందు రోజులు, ఒక జపాన్ విద్యార్థిని చంపేస్తారు, కేసు డిటెక్టివ్ సార్జెంట్ బ్రూస్ రాబర్ట్‌సన్ చేతికొస్తుంది. ఈ పాత్ర వేసింది జేమ్స్ మెకవాయ్. కేసు తేలిస్తే ఇన్‌స్పెక్టర్ ప్రమోషన్ వస్తుందని, ప్రమోషన్ వస్తే వదిలేసి వెళ్లిన భార్య కూతుర్ని తీసుకుని తిరిగొస్తుందని బ్రూస్ ఆశ. కానీ కేసు మీద పెట్టాల్సిన బుర్రంతా పోటీలో ఉన్న తోటి ఆఫీసర్లని ఒక్కొక్కరిగా పడగొట్టడం మీద పెడతాడు. ఒకడి మగతనం మీద పుకారు పుట్టిస్తాడు, ఇంకొకడి భార్యతో సంబంధం పెట్టుకుంటాడు, కుర్రవాడైన లెనక్స్‌కి కొకైన్ అందిస్తాడు. బ్రిటన్‌లో దీనికి 18 సర్టిఫికెట్ ఇచ్చారు. పేరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనకి సబ్‌టైటిల్‌లో అది అందదు. ‘ఫిల్త్’ అంటే మురికి అని మనం చదువుకుంటాం, అక్కడ వీధి భాషలో అది పోలీసుల్ని తిట్టే మాట. పంది అన్నా అంతే. బ్రూస్‌కి అద్దంలో పంది మొహం కనిపించే సీన్లు భయపెట్టడానికి మాత్రమే పెట్టినవి అనుకుంటే సగమే అందుకున్నట్టు. జనం తనని ఏ మాటతో తిడతారో, అతను అద్దంలో తనని తాను అలాగే చూసుకుంటున్నాడు.

ఇక మీ ప్రశ్నకి. నాకు తోచింది సూటిగా చెప్తాను: ఈ సినిమాలో కామెడీ అంతా ఒక్క బ్రూస్ బుర్రలోనే ఉంది. సినిమాలో మిగతా ఎవరికీ అక్కడ జరుగుతున్నది నవ్వొచ్చే విషయం కాదు. మొదటి నిమిషం నుంచీ అతను మనతో మాట్లాడుతూ, కన్ను గీటుతూ, "చూశావా ఎలా చేశానో" అన్నట్టు మనల్ని తన పక్కన నిలబెట్టుకుంటాడు. మనం నవ్విన ప్రతిసారీ అతని పక్కన నిలబడే నవ్వాం. ఆ పక్క నుంచి ఎవరు ఏ సీన్ దగ్గర తప్పుకున్నారన్న దాన్ని బట్టే ఆ సినిమా వాళ్లకి ఎలా అనిపించిందన్నది తేలుతుంది. మీ ఫ్రెండ్ తొందరగా తప్పుకున్నాడు, మీరు ఆలస్యంగా తప్పుకున్నారు, ఆ ఇద్దరూ చివరిదాకా తప్పుకోలేదు. అంతే తేడా. తెలివి ఎక్కువ తక్కువల సమస్య కాదు.

మొదట్లో ఎందుకంత నవ్వొస్తుందో చూడండి. ఎడిన్‌బరో పాత ఊరి రాతి వీధుల్లో దర్జాగా నడుచుకుంటూ వస్తాడు. స్కాట్లాండ్ ప్రపంచానికి ఏమేమి ఇచ్చిందో గొప్పలు చెప్పుకుంటూ, ఆ జాబితాని నూనెలో వేయించిన చాక్లెట్ దగ్గర ముగిస్తాడు. దారిలో ఒక పిల్లాడి చేతిలో బెలూన్ కనిపిస్తే దాన్ని కూడా వదలడు. మా మూడు షోలలోనూ ఆ బెలూన్ దగ్గర హాలంతా నవ్వింది, పిల్లల తల్లులు కూడా నవ్వారు. మెకవాయ్ మొహంలో అప్పటికే ఒక అందగాడి ఆకర్షణ ఉంది, ‘ఎక్స్‌మెన్’లో ప్రొఫెసర్‌గా చూసి ఇష్టపడ్డ కాలేజీ పిల్లలు అతని కోసమే వచ్చారు, కాబట్టి అతను ఏం చేసినా మొదటి అరగంట క్షమించేస్తారు. ఎడిటింగ్ కూడా అలాగే వేగంగా ఉంటుంది. ఒక వెధవ పని చేస్తాడు, దాని వల్ల ఎవరికి ఏం జరిగిందో మనం చూసేలోపు ఇంకో వెధవ పనికి వెళ్లిపోతాడు. దెబ్బ తిన్న మనిషి మొహం మీద కెమెరా ఆగదు. ఆగితే మనకి నవ్వు రాదు, దర్శకుడికి ఆ సంగతి బాగా తెలుసు.

క్రిస్మస్ పార్టీలో ఫొటోకాపీ మెషిన్ మీద ఆడే ఆ అసభ్యమైన ఆట గుర్తుందా, అక్కడ మా హాల్లో నవ్వు పతాక స్థాయికి వెళ్లింది. అక్కడి నుంచి దిగడం మొదలైంది. కానీ అందరికీ ఒకేచోట దిగలేదు, నాకు ఆసక్తిగా అనిపించింది ఇదే.

బ్రూస్ తన స్నేహితుడు బ్లేడ్స్ భార్య బంటీకి గొంతు మార్చి బూతు ఫోన్లు చేస్తుంటాడు. ఆ ఫోన్లు ఎవరు చేస్తున్నారో పట్టుకుంటానని మళ్లీ తనే పోలీసుగా వాళ్లింటికి వెళ్తాడు. మొదటి ఫోన్‌కి మగవాళ్లు నవ్వారు, ఆడవాళ్లలో కొందరు నవ్వారు. రెండో ఫోన్‌కి వచ్చేసరికి మా క్లబ్‌లో ఒకావిడ కుర్చీలో వెనక్కి జరిగి చేతులు కట్టుకుని కూర్చుంది. తర్వాత మాటల్లో చెప్పింది, డిగ్రీ చదివే రోజుల్లో వాళ్ల ల్యాండ్‌లైన్‌కి అలాంటి ఫోన్లు నెలల తరబడి వచ్చాయట, ఇంట్లో నాన్నకి చెప్పడానికి కూడా భయపడిందట. ఆవిడకి ఆ సీన్‌లో బ్రూస్ కనపడలేదు, రిసీవర్ పట్టుకున్న బంటీ మాత్రమే కనిపించింది. ఆ తర్వాత సినిమాలో ఒక్క జోక్ కూడా ఆవిడకి అందలేదు. అందదు కూడా. ఇంకొక సీన్ ఉంది, చిన్న వయసు అమ్మాయిని పోలీసు హోదా చూపించి బెదిరించి లొంగదీసుకునేది. మూడు షోలలోనూ ఆ సీన్‌కి హాలు చల్లబడిపోయింది. రెండో షోలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు కూడా. మీ ఫ్రెండ్ ఎక్కడ లేచాడో మీరు రాయలేదు. అది ఒకసారి గుర్తు తెచ్చుకోండి, నా అంచనా ఈ రెండింటిలో ఏదో ఒక దాని దగ్గరే లేచి ఉంటాడు.

మధ్యలో ఒక సంగతి. మనం ఈ సినిమాని సబ్‌టైటిల్స్‌తో చూస్తాం, లేకపోతే ఆ స్కాటిష్ యాస మనకి ముక్క అర్థం కాదు. మా సభ్యురాలి కొడుకు ఎడిన్‌బరోలో రెండేళ్లు చదువుకుని వచ్చాడు, అతను చెప్పిన మాట నాకు బాగా పట్టింది. అక్కడివాళ్లకి తిట్టులోనూ ఒక లయ వినిపిస్తుంది, ఆ లయకే సగం నవ్వొస్తుంది. మనకి కింద అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి, అదీ నటుడు మాట పూర్తి చేయకముందే. లయ పోయి తిట్టు ఒక్కటే మిగులుతుంది. అందుకే అదే డైలాగ్ అక్కడ హాస్యంగా, ఇక్కడ పచ్చి విషంగా అనిపిస్తుంది. మన గోదావరి జిల్లాల ఎటకారాన్ని ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో చదివినవాడికి ఏం మిగులుతుందో ఊహించుకోండి, సరిగ్గా అదే.

ఇప్పుడు మన తెలుగు ప్రేక్షకుడికి ప్రత్యేకంగా జరిగేది ఒకటుంది. మనం చెడ్డ పోలీసు కథలు చూడనివాళ్లం కాదు. 2015లో వచ్చిన ‘టెంపర్’ చూశాం. డబ్బుకి అమ్ముడుపోయే దయా, అతనికి సెల్యూట్ కొట్టనని మొండికేసే కానిస్టేబుల్‌గా పోసాని. ఆ సెల్యూట్ ఎప్పుడు పడుతుందా అని మనం సినిమా అంతా ఎదురుచూస్తాం, అది పడ్డప్పుడు థియేటర్లో ఈలలు. మనకి చెడ్డ పోలీసు అంటే ఇంకా మారని మంచి పోలీసు. మా క్లబ్‌లో చాలామంది ‘ఫిల్త్’ని కూడా ఆ మలుపు కోసమే చూశారు. సినిమా కూడా ఆ ఆశ పుట్టిస్తుంది. నడివీధిలో ఒక మనిషి గుండెపోటుతో కుప్పకూలితే బ్రూస్ పరుగెత్తుకెళ్లి ఛాతీ నొక్కుతూ, ఊపిరి ఊదుతూ, బతికించడానికి పిచ్చిపట్టినట్టు ప్రయత్నిస్తాడు. ఆ మనిషి చనిపోతాడు. అతని భార్య మేరీ, చిన్న కొడుకు అక్కడే ఉంటారు. ఆవిడ బ్రూస్‌ని కృతజ్ఞతతో చూస్తుంది, సినిమాలో అతన్ని మంచివాడిగా చూసిన అతి కొద్దిమందిలో ఆవిడ ఒకరు. మా మొదటి షోలో ఆ సీన్ అయ్యాక వెనక వరుసలోంచి ఒకాయన పక్కాయనతో "ఇంక మారతాడు చూడు" అన్నాడు, నాకు స్పష్టంగా వినపడింది.

మారడు. ఆ తర్వాత ఇంకా దిగజారతాడు. సినిమా అయ్యాక ఆయన నాతో నిజంగా కోపంగా మాట్లాడాడు, మోసం చేశారన్నాడు. ఆయన కోపం నాకు అర్థమైంది. ఇంటర్వెల్ తర్వాత మనిషి మారే కథలు మనకి ఎంత ఓదార్పు ఇస్తాయో మనకే తెలియదు, అది లాగేసుకున్నప్పుడే తెలుస్తుంది. మీకు గొంతులో అడ్డం పడింది అన్నారే, అందులో కొంత భాగం ఇదే అని నా నమ్మకం. మేరీ దగ్గర మీరూ ఆశ పడి ఉంటారు.

ఇంకొకరి మాట చెప్పాలి. మా కాలనీలో ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారు ఉన్నారు. పోలీసు సినిమా అని విని మూడో షోకి వచ్చారు, ఆసాంతం కదలకుండా కూర్చున్నారు, ఒక్కసారి కూడా నవ్వలేదు. అయిపోయాక అడిగిన మొదటి ప్రశ్న: "అవినీతి పోలీసు అన్నారు, మరి లంచం ఎక్కడ తీసుకున్నాడండీ?" అందరూ ఒక క్షణం ఆలోచనలో పడ్డారు. నిజమే, ఇందులో డబ్బు కట్టలు చేతులు మారే సీన్ గుర్తురాదు. మనకి అవినీతి అనగానే బల్ల కింద చెయ్యి గుర్తొస్తుంది. బ్రూస్ అమ్ముకునేది ఏమీ లేదు, అతను వాడుకుంటాడు. జేబులో ఆ పోలీసు కార్డు ఉంది కాబట్టి ఏ తలుపైనా తట్టగలడు, ఎవరినైనా ప్రశ్నించగలడు, ఎవరి గుట్టునైనా దాచగలడు లేదా బయటపెట్టగలడు. బంటీ ఇంటికి వెళ్లి సోఫాలో కూర్చోగలిగింది ఆ కార్డు వల్లే. ఆ పెద్దాయన ఇంకో మాట అన్నారు, ప్రమోషన్ లిస్టు రావడానికి ముందు స్టేషన్‌లో మనుషులు ఒకరినొకరు ఎలా చూసుకుంటారో ఆ చూపులు మాత్రం అచ్చం అలాగే ఉన్నాయని. ముప్పై ఏళ్ల సర్వీసు చేసిన మనిషికి కొకైన్, భ్రమలు ఏవీ ఆనలేదు, సీనియారిటీ జాబితా తగిలింది. ఒక్కొక్కరు తమకి తెలిసిన తలుపులోంచే లోపలికి వెళ్తారు.

ఇక జబ్బు సంగతి. ఇది చాలా జాగ్రత్తగా మాట్లాడాల్సిన విషయం, నెట్‌లో దీని గురించి తెలుగులో రాసిన చాలా కామెంట్లు చూసి నాకు బాధేసింది. బ్రూస్‌కి బైపోలార్ సమస్య ఉంది, అంటే మనసు కొన్నాళ్లు విపరీతమైన హుషారుకీ కొన్నాళ్లు తీవ్రమైన కుంగుబాటుకీ ఊగే మానసిక జబ్బు. చిన్నప్పుడు చనిపోయిన తమ్ముడి తాలూకు అపరాధభావం లోపల తొలిచేస్తుంటుంది. నవలలో అయితే కడుపులో ఉన్న బద్దెపురుగు పేజీల మధ్యలోకి చొచ్చుకొచ్చి, అసలు అక్షరాల మీదుగా తన కథ చెప్తుంది, అతను దాచుకున్న గతమంతా మనకి ఆ పురుగు నోటే తెలుస్తుంది. సినిమాలో ఆ పని డాక్టర్ రోసీ చేస్తాడు, జిమ్ బ్రాడ్‌బెంట్ వేసిన పాత్ర. అసలు డాక్టర్ ఎంతవరకు, బ్రూస్ బుర్రలో పుట్టిన డాక్టర్ ఎక్కడి నుంచి అన్నది మసకబారిపోతుంది. భార్య కేరల్ తెర మీద ధీమాగా మనతో మాట్లాడే సీన్లు కూడా అంతే, ఆవిడ ఎప్పుడో వెళ్లిపోయింది, ఆవిడ బట్టలు కట్టుకుని తిరుగుతున్నది బ్రూస్. ఇది తెలిసినప్పుడు కొందరు పగలబడి నవ్వారు, కొందరికి కళ్లలో నీళ్లు తిరిగాయి, రెండూ ఒకే వరుసలో పక్కపక్క కుర్చీల్లో చూశాను.

దీన్ని చూసి జనం రెండు రకాలుగా తేల్చేస్తున్నారు. "పాపం జబ్బు మనిషి, అందుకే అలా చేశాడు" అని ఒకరు. "పిచ్చోళ్లు ఇలాగే ఉంటారు" అని ఇంకొకరు. రెండూ తప్పే, రెండోది తప్పు మాత్రమే కాదు, మనుషుల్ని గాయపరిచే మాట. మా పెద్దమ్మ కొడుకు, నాకన్నా రెండేళ్లు చిన్న, ఇరవై ఏళ్లుగా బైపోలార్‌తో బతుకుతున్నాడు. స్కూల్లో లెక్కలు చెప్తాడు, మందులు వేళకి వేసుకుంటాడు, ఎవరినీ ఒక్క మాట అని ఎరగడు. వాడు రెండో షోకి వచ్చాడు. వద్దులేరా అన్నాను, విన్లేదు. సినిమా అయ్యాక ఇద్దరం బయట మెట్ల మీద కూర్చున్నాం, చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "అన్నా, రాత్రి ఒక్కడే కూర్చుని పాత వీడియో చూసుకుంటూ ఏడుస్తాడే, అది నాకు తెలుసు. ఆ ఫోన్లు నాకు తెలియవు. అవి జబ్బు చేసినవి కాదు, వాడు చేసినవి." డాక్టర్లు వచ్చి గంటసేపు మాట్లాడినా ఇంత తేటగా చెప్పలేరు. అతని బాధ నిజం, అతను చేసిన కీడూ నిజం, ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని కొట్టేయడానికి లేదు. సినిమా కూడా కొట్టేయలేదని నా అభిప్రాయం. కానీ చివరి పావుగంటలో జాలి అంత బలంగా పనిచేస్తుంది కాబట్టి, బంటీని, ఆ చిన్నపిల్లని మర్చిపోయే ప్రమాదం ఉంది. ఆ విషయంలో సినిమాని తప్పుపట్టేవాళ్ల మాటలో బలం ఉంది. మా క్లబ్‌లో నేను వాళ్ల పక్షానే మాట్లాడాను.

ముగింపుకి వద్దాం, మీ నిద్ర చెడగొట్టింది అదే కదా. ప్రమోషన్ లెనక్స్‌కి పోతుంది, బ్రూస్‌ని కానిస్టేబుల్‌గా దించేస్తారు. ఇంట్లో ఒక్కడే ప్రాణం తీసుకోబోతుంటాడు. అప్పుడు మేరీ, ఆవిడ కొడుకు తలుపు దగ్గరికి వస్తారు. అద్దంలోంచి వాళ్లని చూస్తాడు. ఆ రెండు మూడు సెకన్లు మెకవాయ్ మొహం చూడండి, ఆ ఏడాది బ్రిటిష్ ఇండిపెండెంట్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటుడిగా అతన్ని ఎంచుకున్నారంటే, అందుకు ఆ కొన్ని సెకన్లు చాలు అనిపిస్తుంది నాకు. బతకాలని అనిపించిన మొహం అది. ఆ తర్వాత మన వైపు తిరిగి, సినిమా అంతా అందరితో అంటూ వచ్చిన ఆ మాట, రూల్స్ అందరికీ ఒకటే అనే ఆ మాట, మనతో అంటాడు. నవ్వుతాడు. కుర్చీ జారుతుంది. వెంటనే హుషారైన పాత పాట, రంగురంగుల కార్టూన్ టైటిల్స్.

మూడుసార్లూ ఆ పాట మొదలవగానే హాల్లో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. చప్పట్లు కొడదామని చేతులు ఎత్తినవాళ్లు మధ్యలో ఆపేశారు. ఒకబ్బాయి నవ్వాడు, వెంటనే చుట్టూ చూసి ఆపుకున్నాడు. మొదటి నిమిషంలో బెలూన్ దగ్గర మనతో కలిసి నవ్వినవాడు, చివర్లో మళ్లీ నవ్వుతూ మన వైపు చూశాడు, ఈసారి మనం నవ్వలేకపోయాం. మీకు గొంతులో అడ్డం పడింది అక్కడే. మీలో లోపం ఏమీ లేదు, సినిమా కోరుకున్నది జరిగింది.

పోల్చి చూడాలంటే, వెర్నర్ హెర్జోగ్ తీసిన ‘బ్యాడ్ లెఫ్టినెంట్: పోర్ట్ ఆఫ్ కాల్ న్యూ ఓర్లీన్స్’ చూడండి, 2009ది, నికొలస్ కేజ్ హీరో. అందులోనూ మత్తుకి బానిసైన చెడ్డ పోలీసే, అందులోనూ లేని జంతువులు కనిపిస్తాయి, ఉడుములాంటి ఇగ్వానాలు. కానీ అతనికి చివరికి ప్రమోషన్ వస్తుంది, అన్ని చిక్కులూ వాటంతటవే విడిపోతాయి. అది చూసినవాళ్లు తేలిగ్గా నవ్వుకుంటూ ఇళ్లకి వెళ్లారు, మాటల కోసం ఎవరూ ఆగలేదు కూడా. రెండింటినీ డార్క్ కామెడీ అనే అంటారు. ఒకటి చివరిదాకా లెక్క అడగదు, రెండోది ఆఖరి నిమిషంలో మొత్తం లెక్క అడుగుతుంది. అందుకే ఆ పేరు చూసి ఒకే రకమైన స్పందన ఉండాలని అనుకోకండి.

ఇక మీ నలుగురి సంగతి. నవ్విన ఇద్దరినీ చెడ్డవాళ్లని అనుకోకండి, రూమ్‌లో గొడవ పెట్టుకోకండి. కొంతమందికి టెన్షన్ పెరిగేకొద్దీ నవ్వు ఎక్కువవుతుంది, చావు ఇంట్లో నవ్వు ఆపుకోలేనివాళ్లని మనం చూడలేదా. ఇంకొంతమంది నలుగురిలో ఉన్నారు కాబట్టి నవ్వుతారు. మా మొదటి షోలో అందరికంటే గట్టిగా నవ్విన కుర్రాడు వారం తర్వాత నాకు ఫోన్ చేసి, ఒంటరిగా మళ్లీ చూశానని, ఈసారి నవ్వలేదని, బ్లేడ్స్ గురించి మాట్లాడాలని ఉందని అన్నాడు. కాబట్టి వాళ్లకి కొంచెం టైమ్ ఇవ్వండి. లేచి వెళ్లిపోయిన ఫ్రెండ్‌ని మాత్రం "అంత సెన్సిటివ్ ఏంట్రా" అని ఆటపట్టించకండి. ఏ సీన్ దగ్గర లేచావని మెల్లగా, ఒక్కడే ఉన్నప్పుడు అడగండి. చెప్తే వినండి, చెప్పకపోతే వదిలేయండి. అతను సినిమాని సగమే చూసినా, మీ అందరికంటే ముందు అవతలి మనిషిని చూశాడేమో.

మీ నిద్ర విషయం. ఒకటి రెండు రోజులైతే పర్వాలేదు, ఈ సినిమాకి అది మామూలే. కానీ ఆ చివరి సీన్ పదేపదే కళ్ల ముందు తిరుగుతున్నా, మీలో గానీ రూమ్‌లో ఇంకెవరిలో గానీ పాత బాధ ఏదైనా కదిలినా, ఎవరితోనైనా మాట్లాడండి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడు మేం ఈ సినిమా వేసే ముందు ఆ నంబర్ చెప్పే మొదలుపెడుతున్నాం. మొదటిసారి చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

రెండోసారి చూసే ధైర్యం వచ్చినప్పుడు, కొన్ని నెలల తర్వాతైనా సరే, బ్రూస్‌ని వదిలేసి బ్లేడ్స్‌ని పట్టుకుని చూడండి. ఎడ్డీ మార్సన్ వేశాడు ఆ పాత్ర. లావు కళ్లద్దాలు, ఎవరికీ అడ్డం రాకుండా గోడవారగా నడిచే మనిషి. బ్రూస్ తనని స్నేహితుడు అనుకుంటున్నాడని నమ్ముతాడు. హాంబర్గ్ తీసుకెళ్తే చిన్నపిల్లాడిలా సంబరపడతాడు, అక్కడ అతనికి బ్రూస్ ఏం చేశాడో మీకు తెలుసు. ఆ ఫోన్ల నేరం చివరికి అతని నెత్తినే పడుతుంది. అంతా అయ్యాక బ్రూస్ ఒక వీడియో టేప్‌లో క్షమాపణ చెప్పుకుంటాడు. భార్యకి కాదు, పై అధికారికి కాదు, బ్లేడ్స్‌కి. మొదటిసారి చూసినప్పుడు ఆ టేప్ సీన్‌ని మీరు దాదాపు పట్టించుకుని ఉండరు, అప్పటికే ఏం జరగబోతోందో అన్న కంగారులో ఉంటాం. ఈసారి అక్కడ ఆపి, వెనక్కి వెళ్లి, బ్లేడ్స్ మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు మనం ఎందుకు నవ్వామో ఒకసారి చూసుకోండి. చూశాక ఇక్కడే రాయండి, మీ ఫ్రెండ్ ఒప్పుకుంటే అతను లేచిన సీన్ ఏదో కూడా రాయండి. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.